గర్భిత జాబితాల సవరణ: లూపు లేని పద్ధతులు, తెలుగు నిఘంటు సామగ్రికి వాని వినియోగము

1. ఉపక్రమము

నిఘంటువు పైకి అకారాది క్రమమున పేర్చిన పదముల వరుసవలె కనబడును. లోపల చూచినచో అది వరుస కాదు. అరలలో అరలు గల పెట్టె. ఒక్కొక్క ఆరోపమునందు పదరూపము, భాషాభాగము, వ్యుత్పత్తి, అర్థములు ఉండును. అర్థములు ఒకటికంటె ఎక్కువ కావచ్చును. ప్రతి అర్థమునకు ఒక వివరణయు, దాని క్రింద ప్రయోగములును ఉండును. ప్రతి ప్రయోగమునకు పాఠమును, ఆకరమును ఉండును. ఇట్టి సామగ్రిని కంప్యూటరునందు నిలుపునపుడు దానికి సహజమైన రూపము గర్భిత జాబితా. అనగా జాబితాలో జాబితా, దానిలో మరల జాబితా.

ఇట్టి సామగ్రిని నిలుపుటకంటె సవరించుట కష్టము. బహుజనపల్లి సీతారామాచార్యుల శబ్దరత్నాకరము 1885లో వెలువడినది. అందు శకటరేఫమును, అరసున్నను పాటించిన వ్రాత కలదు. నేటి విద్యార్థి “పారు” అని వెదకును. ప్రాచీన నిఘంటువునందు “పాఱు” అని యుండును. కనుక పాత వ్రాతను నేటి వ్రాతకు మార్చవలెనను కోరిక కలుగుట సహజమే. కాని ఏ అరలో మార్చవలెను, ఏ అరలో మార్చరాదు అను విచక్షణ లేక మార్చినచో నిఘంటువు తన ప్రామాణ్యమును కోల్పోవును. సాంఖ్యకశాస్త్ర వ్యవహారమునకై పుట్టిన ఆర్ భాషలో గర్భిత జాబితాలను లూపు వ్రాయక సవరించు పద్ధతులును, వానివలన భాషాసామగ్రికి కలుగు మేలును, వానియందు పొంచియున్న ప్రమాదములును ఈ వ్యాసమున విచారింపబడుచున్నవి.

2. ఆర్ భాష, అందలి జాబితా

జాబితాను ప్రధానవస్తువుగా గ్రహించిన కంప్యూటరు భాషలలో మొదట చెప్పదగినది లిస్ప్. జాన్ మెకార్తీ 1960లో దానినిగూర్చి ప్రకటించిన వ్యాసమునందే, ఒక ప్రమేయమును జాబితా పొడవున ప్రసరింపజేయు “మ్యాప్‌లిస్ట్” కనబడుచున్నది. ప్రమేయమనగా ఇచ్చిన వస్తువును గ్రహించి ఒక ఫలమును తిరిగి యిచ్చునది. వ్యవహారమున దీనినే ఫంక్షను అందురు. లిస్ప్ సంతతిలోనిదే స్కీము అను భాష. వేరొకవైపున 1976లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలయందు జాన్ చేంబర్సును ఆయన సహచరులును సాంఖ్యక గణనకై ఎస్ అను భాషను ఆరంభించిరి. న్యూజిలాండులోని ఆక్లండు విశ్వవిద్యాలయమున రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్మన్ అను ఇరువురు ఎస్ భాష బాహ్యరూపమును, స్కీము భాష అంతస్తత్త్వమును మేళవించి ఆర్ భాషను నిర్మించిరి. దాని 1.0.0 సంపుటి 2000 ఫిబ్రవరి 29న వెలువడినది.

ఆర్ భాషయందు వస్తువులను వరుసగా నిలుపు సాధనములు ముఖ్యముగా రెండు. ఒకటి ఏకజాతీయమగు సదిశ: అందు అన్నియు సంఖ్యలే కావలెను, లేదా అన్నియు అక్షరమాలలే కావలెను. రెండవది జాబితా: అందు ఏ జాతి వస్తువైనను ఉండవచ్చును, మరియొక జాబితా కూడ ఉండవచ్చును. భాగములకు పేర్లు పెట్టుకొను సౌకర్యము కలదు. ఆ పేర్లు తెలుగు లిపిలోనే ఉండవచ్చును. ఉద్ధరణ చిహ్నముల నడుమ వ్రాసిన చాలును.

విచారణ సౌలభ్యమునకై నాలుగు ఆరోపములు గల చిన్న నిఘంటువును ఊహింపవచ్చును. అందలి వివరణములును ప్రయోగములును ఉదాహరణార్థము కల్పింపబడినవి.

మొదటి ఆరోపము
పదరూపము: ఏఱు
అర్థములు, 1:
— వివరణ: పాఱెడు నీరు, నది
— ప్రయోగములు, 1: పాఠము: ఏఱు దాఁటి ఊరు చేరిరి

రెండవ ఆరోపము
పదరూపము: ఏరు
అర్థములు, 1:
— వివరణ: ఎద్దులతో సిద్ధపఱిచిన నాగలి

మూడవ ఆరోపము
పదరూపము: ఏఁడు
అర్థములు, 1:
— వివరణ: పండ్రెండు నెలల కాలము

నాలుగవ ఆరోపము
పదరూపము: ఏడు
అర్థములు, 1:
— వివరణ: ఆఱునకు పై సంఖ్య

ఈ నాలుగు పదములును వేరువేరు. నదీవాచకమైన ఏఱు తమిళమునందలి “ఆఱు” శబ్దమునకు జ్ఞాతి. నాగలి యను అర్థముగల ఏరు తమిళ “ఏర్” శబ్దమునకు జ్ఞాతి. సంవత్సరవాచకమైన ఏఁడు తమిళ “ఆండు”తో పోల్పదగినది. అరసున్న ఆ పూర్వానునాసికమునకు శేషము. సంఖ్యావాచకమైన ఏడునకు అట్టి అనునాసికము లేదు. అనగా ఒక్క అక్షరము, ఒక్క చిహ్నము ఇచట శబ్దచరిత్రకు సాక్ష్యము. తమిళ మలయాళములు ఱకారమును వ్రాతలో నేటికిని నిలుపుకొనినవి, కన్నడము విడిచినది, తెలుగు వాడుక వ్రాతలో విడిచి ప్రాచీన గ్రంథములలో నిలుపుకొనినది. తులనాత్మక వ్యాకరణమునకు ఈ భేదము ఎంత అవసరమో బరో, ఎమెనో పండితుల ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువును తిరుగవేసిన వారెరుగుదురు.

ఇక చేయవలసిన పని యిది: వివరణములలోని వ్రాతను నేటి వ్రాతకు మార్చవలెను. పదరూపములును, ప్రయోగపాఠములును ఉన్నవి ఉన్నట్లే యుండవలెను.

3. లూపు మార్గము

సామాన్యముగా అనుసరింపబడు మార్గము లూపు. మొదటి ఆరోపమునుండి కడపటి ఆరోపమువరకు ఒక లెక్క; ప్రతి ఆరోపమునందు మొదటి అర్థమునుండి కడపటి అర్థమువరకు మరియొక లెక్క; ఆ రెండు లెక్కల కూడలియందు మార్పు. ప్రయోగములనుగూడ తాకవలసివచ్చినచో మూడవ లెక్క. పని జరుగును. లోపమెక్కడ ననగా, ఇట్లు వ్రాసిన క్రమణికయందు “ఏమి చేయవలెను” అనునదియు, “ఎచట చేయవలెను” అనునదియు, “ఎట్లు నడువవలెను” అనునదియు ఒకదానితో నొకటి చిక్కుపడియుండును. చదువరి లెక్కల నడకను విప్పుకొనినగాని మార్పు ఏ అరపై పడుచున్నదో తెలియదు. పైగా మార్పు అదే జాబితాపై మెట్టుమెట్టుగా జరుగును గనుక, పని నడుమ ఆగిపోయినచో కొంత పాతదియు కొంత క్రొత్తదియు అగు సంకరరూపము మిగులును.

పాణిన్యాది వైయాకరణులు సూత్రరచనయందు ఈ చిక్కును ఎన్నడో పరిహరించిరి. సూత్రము దేనికి బదులు ఏది, ఏ పరిసరమున అను అంశములనే చెప్పును. పదములను ఒకదాని తరువాత నొకటి పరిశీలింపుమని చెప్పదు. లూపు లేని పద్ధతికిని ఆశయమిదియే. మార్పును ఒక చిన్న ప్రమేయముగా వ్రాసి, దాని ప్రవృత్తిస్థానమును వేరుగా నిర్దేశించుట. నడకను భాషయే చూచుకొనును.

ఇచట ఒక అపోహను తొలగింపవలసియున్నది. లూపు లేని పద్ధతి వేగముగలదను ప్రచారము కలదు. “ఎల్‌అప్లై” వంటి సాధనముల గర్భమునందును లూపు ఉన్నది. అది వ్రాయువాని కంటికి కనబడదు, అంతియే. చక్కగా వ్రాసిన లూపునకు వేగమున పెద్ద కొరతయుండదు. కనుక ఈ పద్ధతిని గ్రహించుటకు కారణము వేగము కాదు, స్పష్టతయు, పరీక్షాయోగ్యతయు.

4. అంతస్తునకు అంతస్తు: ఎల్‌అప్లై

మొదట మార్పును మాత్రము చేయు ప్రమేయము కావలెను. దానికి “నవలేఖనము” అని పేరిడవచ్చును. అది ఒక అక్షరమాలను గ్రహించి, “చార్‌టిఆర్” అను సాధనముచే ఱకారమునకు రకారమును ఆదేశము చేసి, “జిసబ్” అను సాధనముచే అరసున్నను లోపింపజేసి, ఫలమును తిరిగి యిచ్చును. యూనికోడునందు రేఫకును, శకటరేఫకును, అరసున్నకును వేరువేరు సంకేతములున్నవి గనుక ఈ పని సందేహరహితముగా జరుగును. అయినను ముందుగా అక్షరమాలలను ఏకరూపమునకు తెచ్చుట మంచిది. ఐత్వచిహ్నమును ఒకే సంకేతముగా వ్రాయవచ్చును. ఎత్వచిహ్నమును దాని క్రింది ఐత్వభాగమును చేర్చి రెండు సంకేతములుగాను వ్రాయవచ్చును. కంటికి రెండును ఒకటియే. పోల్చిచూచు యంత్రమునకు వేరు.

“ఎల్‌అప్లై” ఒక జాబితాను, ఒక ప్రమేయమును గ్రహించి, జాబితాలోని ప్రతి భాగముపై ఆ ప్రమేయమును ప్రవర్తింపజేసి, అంతే పొడవుగల క్రొత్త జాబితాను ఇచ్చును. పేర్లు నిలుచును. నిఘంటువు రెండంతస్తుల లోపలనున్నది గనుక ఎల్‌అప్లైలో ఎల్‌అప్లై కావలెను. వెలుపలిది ఆరోపములపై నడుచును. లోపలిది ఆ ఆరోపమునందలి అర్థములపై నడిచి, ప్రతి అర్థమునందలి వివరణకు నవలేఖనము చేసి, ఆ అర్థమును మరల అప్పగించును. పదరూపము ఊసు ఎచటను లేదు. కనుక దానికి మార్పును లేదు. ప్రయోగములును అట్లే.

అభ్యాసమున తరచుగా దొరలు దోషములు మూడు గలవు.

మొదటిది అప్పగింతను మరచుట. “అర్థమునందలి వివరణకు ఈ విలువ నిమ్ము” అని వ్రాసి ఊరకొనినచో, ప్రమేయఫలముగా అర్థము రాదు. ఇచ్చిన ఆ విలువ మాత్రమే వచ్చును. అపుడు వివరణయు ప్రయోగములును గల అర్థమునకు బదులు ఒంటరి అక్షరమాల నిలుచును, ప్రయోగములన్నియు మాయమగును. కంప్యూటరు దీనిని దోషముగా చెప్పదు. కడపటి పంక్తిలో మార్చిన వస్తువును పేర్కొనుట తప్పనిసరి.

రెండవది లేనిదానిని మార్చబోవుట. కొన్ని అర్థములకు వివరణ లేక “చూడుము” అను సూచన మాత్రమే యుండవచ్చును. అట్టిచోట వివరణను కోరినచో శూన్యము లభించును. శూన్యముపై నవలేఖనము జరిపినచో పొడవు లేని అక్షరమాలావర్గము పుట్టును. దానిని తిరిగి వివరణ యను పేర నిలిపినచో, మూలమున లేని అర ఒకటి క్రొత్తగా ఏర్పడును. కనుక వివరణ ఉన్నదో లేదో ముందు పరీక్షింపవలెను.

మూడవది “ఎస్‌అప్లై”ను వాడుట. ఇది ఫలమును సరళముచేయ యత్నించును. ప్రతి భాగమునుండి ఒక్కొక్క విలువయే వచ్చినచో జాబితాకు బదులు సదిశ వచ్చును. పొడవులు వేరైనచో జాబితా వచ్చును. అనగా ఫలస్వరూపము క్రమణికపై గాక సామగ్రిపై ఆధారపడును. ఏకార్థకములైన పదములపై పరీక్షించినపుడు ఒక తీరు, నానార్థములపై మరియొక తీరు. పరిశోధకునకిది విశ్వసనీయము కాదు. విలువలను వెలికితీయవలసినచోట “వి‌అప్లై” ఉత్తమము. ఏ జాతి విలువ ఎన్ని రావలెనో ముందే చెప్పవలసియుండును, అందులకు భిన్నముగా వచ్చినచో అది పని నాపివేయును.

ఇంతకంటె సూక్ష్మమైనది పేర్ల విషయము. డాలరు చిహ్నముతో భాగమును చదువునపుడు ఆర్ భాష పేరులోని మొదటి భాగము సరిపోయినను అంగీకరించును. “అర్థములు” అను అరను “అర్థ” అని పిలిచినను, అట్టి పేరు వేరొకటి లేనిచో పలుకును. వ్రాయునపుడు మాత్రము అంగీకరింపదు. “అర్థ” అను పేర క్రొత్త అరను కల్పించును. చదివినది ఒక అర, వ్రాసినది వేరొక అర అగును. జంట చదరపు కుండలీకరణములలో పూర్తి పేరును వ్రాయు అలవాటు ఈ దోషమును తప్పించును.

5. అన్ని అంచులకు ఒకేమారు: ఆర్‌అప్లై

అంతస్తులెన్ని యున్నను ఒకే ఆజ్ఞతో అంచులనున్న విలువలన్నిటిని తాకు సాధనము “ఆర్‌అప్లై”. ఇది జాబితాలోనికి దిగుచు, జాబితా కానట్టి వస్తువు ఎదురైనచోట ప్రమేయమును ప్రవర్తింపజేయును. ఏ జాతి విలువలపై ప్రవర్తింపవలెనో చెప్పవచ్చును. “రీప్లేస్” అను రీతిని కోరినచో ఆ జాతికి చెందనివి యథాతథముగా నిలుచును. జాబితా ఆకారము చెడదు. సంఖ్యలన్నిటిని సవరించుటకు, అక్షరమాలల చివరి ఖాళీలను తొలగించుటకు ఇంతకంటె సులభమార్గము లేదు.

కాని దీని సౌలభ్యమే దీని ప్రమాదము. ప్రమేయమునకు అంచుననున్న విలువ మాత్రమే అందును. ఆ విలువ పేరేమి, అది ఏ అరనుండి వచ్చినది అను సంగతి అందదు. నవలేఖనమును ఆర్‌అప్లైచే నాలుగు ఆరోపముల నిఘంటువుపై ప్రవర్తింపజేసినచో వివరణములు కోరినట్లే మారును. వానితోపాటు ఏఱు ఏరగును, ఏఁడు ఏడగును. నాలుగు పదరూపములు రెండుగా మిగులును. నదియు నాగలియు ఒకే శబ్దమునకు నానార్థములైనట్లు కనబడును; సంవత్సరము సంఖ్యలో లీనమగును. ప్రయోగపాఠము “ఏరు దాటి ఊరు చేరిరి” అని మారి, మూలగ్రంథమున లేని పాఠము దానికి ఆరోపింపబడును.

పద్యప్రయోగములయందు నష్టము మరింత అధికము. ప్రాచీన కావ్యములలో రేఫకును శకటరేఫకును ప్రాసయందు భేదము పాటింపబడినది. పిదప కాలమున ఆ నియమము సడలినది. ఒక పద్యము ఏ కాలపు సంప్రదాయమును అనుసరించుచున్నదో నిర్ణయించుటకు ఈ భేదము సాక్ష్యములలో నొకటి. దానిని చెరిపివేసిన పిమ్మట ఆ విచారణకే అవకాశము లేదు.

కనుక ఆర్‌అప్లై ఏ అరలోనైనను ఒకేతీరున చెల్లుబడియగు మార్పులకు మాత్రమే తగినది. సంకేతములను ఏకరూపమునకు తెచ్చుట అట్టిది. లిపిసంస్కరణ అట్టిది కాదు.

6. పేరును బట్టి దిగు ప్రమేయము

స్థానమును గుర్తించుచు ఎంత లోతునకైనను దిగవలెనన్నచో తన్ను తానే పిలుచుకొను ప్రమేయమును వ్రాసికొనవలెను. దాని స్వరూపము ఇట్లుండును. ఎదుటనున్న వస్తువు జాబితా కానిచో దానిని అట్లే తిరిగి యిమ్ము. జాబితా యైనచో దాని భాగములను, వాని పేర్లను జంటగా తీసికొని చూడుము. పేరు “వివరణ” యైనచో నవలేఖనము చేయుము. పేరు “ప్రయోగములు” ఐనచో లోనికి దిగక అట్లే యుంచుము. తక్కిన పేర్లకు ఈ ప్రమేయమునే మరల పిలువుము. భాగములను పేర్లను జంటగా నడిపించుటకు ఆర్ భాషయందు “మ్యాప్” అను సాధనము కలదు.

ఇచట గమనింపవలసినది, అర్థములవంటి జాబితాలకు పేర్లుండవు, వరుససంఖ్యలే యుండును. పేర్లు లేనిచో పేర్లను అడిగినపుడు శూన్యము వచ్చును. దానిని భాగములతో జంటచేయ వీలుపడదు. కనుక పేర్లు లేనిచోట ఖాళీ అక్షరమాలలను అంతే సంఖ్యలో పేర్లుగా కల్పించి మ్యాపునకు అందింపవలెను; ఫలమునకు మాత్రము మూలమున లేని పేర్లను అంటింపరాదు. “పర్ర్” అను అనుబంధ గ్రంథాలయము 2015 నుండి లభ్యమగుచున్నది. అందలి “మోడిఫై” కుటుంబపు సాధనములు ఇచ్చిన వస్తువు ఏ జాతిదో ఫలమును ఆ జాతిగనే యిచ్చును. వానిలో “మోడిఫై_డెప్త్” కోరిన లోతున మాత్రము ప్రవర్తించును. “మోడిఫై_ఇన్” కోరిన త్రోవన దిగి ఒక్కచోట ప్రవర్తించును.

లోతును సంఖ్యగా చెప్పుటకంటె స్థానమును పేరుతో చెప్పుట నిఘంటు సామగ్రికి క్షేమము. ఒక ఆరోపమునందు ఉపపదములు చేరి లోతు ఒక అంతస్తు పెరిగినను పేరు మారదు.

7. ఆదేశము, ఆగమము, లోపము

గర్భిత జాబితాపై చేయు సవరణలు మూడు విధములు. అవి మన వ్యాకరణపరిభాషకు సరిగా ఒదుగును. ఉన్నదానికి బదులు వేరొకటి నిలుపుట ఆదేశము. క్రొత్త అరను చేర్చుట ఆగమము. అరను తొలగించుట లోపము.

లోపవిషయమున ఆర్ భాషకు ఒక విశేషము కలదు. జాబితాభాగమునకు శూన్యమును విలువగా ఇచ్చినచో ఆ భాగమే తొలగిపోవును. పేరు కూడ మిగులదు. అర నిలిచి విలువ మాత్రము శూన్యము కావలెనన్నచో, శూన్యమును లోనుంచుకొనిన జాబితాను ఏక కుండలీకరణముతో ఇవ్వవలెను. ఎల్‌అప్లైలోని ప్రమేయము శూన్యమును ఫలముగా ఇచ్చినచో మాత్రము స్థానము పోదు. శూన్యము ఆ స్థానమున కూర్చుండును. పాణిని లోపమును అదర్శనముగా నిర్వచించుటచే స్థానమునకు గుర్తింపు మిగిలినది. కనుకనే లుప్తమైన ప్రత్యయమును నిమిత్తముగా గొని కార్యములు జరుగుట సాధ్యమైనది. ఆర్ భాషయందు ఈ రెండు విధములును ఉన్నవి. ఏది కావలెనో వ్రాయువాడెరిగి యుండవలెను. “వ్యుత్పత్తి తెలియదు” అనుట వేరు, “వ్యుత్పత్తి అను అరయే లేదు” అనుట వేరు.

ఆదేశము శత్రువువలె వచ్చి ఉన్నదానిని వెడలగొట్టుననియు, ఆగమము మిత్రునివలె వచ్చి ప్రక్కన కూర్చుండుననియు వైయాకరణులలో ప్రసిద్ధమైన లోకోక్తి కలదు. నిఘంటు సవరణకు ఇంతకంటె మంచి సూత్రము లేదు. విద్యార్థి “ఏరు” అని వెదకినను ఏఱు దొరకవలెనన్నచో, పదరూపమునకు ఆదేశము చేయనక్కరలేదు. ప్రతి ఆరోపమునకు “అన్వేషణరూపము” అను క్రొత్త అరను ఆగమముగా చేర్చిన చాలును. ఎల్‌అప్లై ఒక్కటే ఈ పనిని చేయును: ప్రతి ఆరోపమునందు అన్వేషణరూపమునకు పదరూపముయొక్క నవలేఖనమును విలువగా ఇచ్చి, ఆరోపమును అప్పగించుట. అపుడు “ఏరు” అని వెదకినవానికి నదియు నాగలియు రెండు వేరు ఆరోపములుగా దొరకును. వెదకుటకు సౌలభ్యము కలిగినది, సాక్ష్యము చెడలేదు.

8. సవరణపత్రము

ముద్రణకు పిమ్మట సవరణపత్రము చేర్చుట గ్రంథసంప్రదాయము. అట్టి పత్రమునే జాబితాగా వ్రాసి నిఘంటువుపై ప్రవర్తింపజేయవచ్చును. ఇందులకు ఆర్ భాషతో వచ్చు “మోడిఫైలిస్ట్” అను సాధనము మొదట స్ఫురించును. ఇది పేర్లను సరిపోల్చుచు, ఇరువైపుల జాబితాలున్నచోట లోనికి దిగి, పత్రమునందున్న విలువలను మూలమున నిలుపును. పత్రమున శూన్యమున్నచో ఆ అరను తొలగించును. పేర్లు గల అమరికలకిది మిక్కిలి యుక్తము. కాని పేర్లు లేని జాబితాలయందు ఇది ఏమియు చేయదు. చేయలేదని చెప్పదు కూడ. అర్థములు వరుససంఖ్యలతోనే యున్నవి గనుక, రెండవ అర్థమునకు పంపిన సవరణ మౌనముగా వ్యర్థమగును. దీనిని వాడదలచినవారు అర్థములకు ముందే పేర్లు పెట్టుకొనవలెను.

రెండవ మార్గము “రెడ్యూస్”. సవరణపత్రములోని ఒక్కొక్క సవరణకు రెండు భాగములుండును: త్రోవ, క్రొత్త విలువ. రెడ్యూస్ మొదటి సవరణను మూలముపై ప్రవర్తింపజేయును; వచ్చిన ఫలముపై రెండవదానిని; ఇట్లు కడవరకు. త్రోవను వ్రాయుటయందు ఒక జాగ్రత్త అవసరము. పేరును సంఖ్యను కలిపి ఒకే సదిశగా వ్రాసినచో సంఖ్య అక్షరమాలగా మారిపోవును. అపుడు రెండవ అర్థమునకు బదులు “2” అను పేరుగల అర్థము కోరబడును. త్రోవను జాబితాగా గ్రహించు “అసైన్_ఇన్” వంటి పర్ర్ సాధనమును వాడినచో ఈ చిక్కు లేదు.

నడిమి దశలన్నిటిని నిలుపుమని రెడ్యూసును కోరవచ్చును. అపుడు మూలము, మొదటి సవరణ పిమ్మటి రూపము, రెండవ సవరణ పిమ్మటి రూపము వరుసగా లభించును. గ్రంథపరిష్కర్తకు ఇది పాఠపరిణామ పట్టిక వంటిది. ఏ సవరణవలన దోషము ప్రవేశించెనో వెనుకకు నడిచి కనుగొనవచ్చును.

ఇన్ని ప్రతులను నిలిపినచో స్థలము వ్యర్థము కాదా అను శంక కలుగవచ్చును. ఆర్ భాషయందు ఒక వస్తువునకు రెండు పేర్లున్నను, మార్పు జరుగువరకు ప్రతి తయారుకాదు. మార్పు జరిగినపుడు మార్చిన పేరునకు మాత్రము క్రొత్త రూపము ఏర్పడును. పాత పేరు పాత రూపమునే చూపుచుండును. 2014లో వచ్చిన 3.1.0 సంపుటినుండి జాబితాలయందు మారని భాగములు తిరిగి వ్రాయబడక పంచుకొనబడుచున్నవి. కావున మూలమును భద్రముగా నుంచుకొనుటకు వెచ్చించునది స్వల్పము.

9. పరీక్ష

సవరణ జరిగినదని నమ్ముట చాలదు. జరుగరానిది జరుగలేదని చూపవలెను. లూపు లేని పద్ధతియందు మూలమును ఫలమును రెండును ఎదుట నిలుచును గనుక ఈ పరీక్ష సులభము. చేయవలసినవి నాలుగు.

ఒకటి: మూలమునుండి, ఫలమునుండి పదరూపములను వి‌అప్లైచే వెలికితీసి, “ఐడెంటికల్” అను సాధనముచే పోల్చవలెను. సత్యమని రానిచో పనిని అంగీకరింపరాదు.

రెండు: భిన్నపదరూపముల సంఖ్యను లెక్కింపవలెను. మూలమున 4 ఉన్నచో ఫలమునను 4 ఉండవలెను. ఆర్‌అప్లైచే చేసిన సవరణ ఇచటనే పట్టుబడును; అందు 2 మాత్రమే వచ్చును.

మూడు: ప్రయోగపాఠములను అట్లే పోల్చవలెను.

నాలుగు: వివరణములలో ఱకారముగాని అరసున్నగాని మిగిలెనేమో చూడవలెను. మిగిలినచో ఆ వివరణ వేరొక పేరుతోనో, ఊహింపని లోతుననో ఉన్నదని గ్రహింపవలెను.

మొదటి మూడు పరీక్షలు అతివ్యాప్తిని, నాలుగవది అవ్యాప్తిని కనిపెట్టును. లక్షణమునకు ఈ రెండు దోషములు లేకుండుట ఎంత ముఖ్యమో సవరణకును అంతే ముఖ్యము.

10. ఉపసంహారము

లూపును విడుచుట ఒక నియమముగా పాటింపదగినది కాదు. దాని ప్రయోజనము నెరిగి పాటింపదగినది. మార్పును ఒక ప్రమేయముగాను, స్థానమును వేరొక నిర్దేశముగాను విడదీసినపుడు, కంప్యూటరు విద్యయందు పరిచయము లేని నిఘంటుకారుడైనను “వివరణయందు మాత్రమే, పదరూపమునందు కాదు” అను వాక్యమును క్రమణికలో చదివి అవునో కాదో చెప్పగలడు. లెక్కల నడకలో మునిగిన క్రమణికయందు ఆ అవకాశము తక్కువ. భాషాసామగ్రిని సిద్ధపరచువాడొకడు, దానిని ఎరిగినవాడు మరియొకడు అగుచున్న ఈ కాలమున ఇది అల్పమైన లాభము కాదు.

తెలుగునందు శకటరేఫము, అరసున్న ఎదుర్కొనిన స్థితియే కన్నడమున లుప్తములైన అక్షరములకును, ఇతర భారతీయ భాషలయందు లిపిసంస్కరణచే మరుగుపడిన చిహ్నములకును కలదు. ప్రాచీన సామగ్రి కంప్యూటరునందు ప్రవేశించునపుడు మొదటి సవరణయే తరచుగా కడపటి సవరణ యగును. పిమ్మటివారు దానినే మూలముగా భావింతురు. కనుక సాక్ష్యము నిలిచియున్న అరలయందు ఆదేశమును మాని ఆగమమును గ్రహించుటయు, మూలమును ఫలమును పోల్చి చూపుటయు పరిష్కర్తల బాధ్యత. ఏఱునకును ఏరునకును నడుమనున్న ఒక్క అక్షరము ఒకమారు చెరిగిన పిమ్మట, దానిని ఫలమునుండి తిరిగి పొందుటకు ఏ సాధనమును లేదు.